మూసారాంబాగ్ నుండి లండన్‌కు: కొత్త ఊరిలో ఒంటరి ప్రయాణం

మూసారాంబాగ్ అన్న పేరు వెనుక ఒక పరదేశి ఉన్నాడు. పద్దెనిమిదవ శతాబ్దం చివర నిజాం కొలువులో సేనానిగా ఉండిన ఫ్రెంచి దేశీయుడు రేమండ్ ఆయన. ‘మస్యూర్ రేమండ్’ అన్న పలుకు ఇక్కడివారి నాలుకకు లొంగలేదు. హిందువులు ఆయనను మూసా రాం అనీ, ముస్లింలు మూసా రహీం అనీ పిలుచుకొన్నారని చెప్పుకొంటారు. ఆయన 1798లో మరణించాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి నేటికీ నిలిచి ఉన్నది. ఎక్కడో ఐరోపాలో పుట్టినవాడు మన ఊరికి వచ్చి, మన పేటకు తన పేరు ఇచ్చి, మన మట్టిలోనే కలిసిపోయినాడు.

ఈనాడు ప్రయాణం ఎదురు దిశలో సాగుతున్నది. మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాలలో బిడ్డలను విదేశాలకు పంపిన కుటుంబాలు ఎన్నో ఉన్నవి. ఆ బిడ్డలలో కొందరు లండన్‌లో స్థిరపడినారు. వారి పిలుపు మీద తల్లిదండ్రులు సందర్శకులుగా వెళుతున్నారు. ఆ దేశం సామాన్యంగా సందర్శకులను ఆరు నెలల వరకు ఉండనిస్తుంది. ఆరు నెలలు అంటే తక్కువ కాలం కాదు. ఆ కాలాన్ని ఏ విధంగా గడుపుతారన్నదే ఈనాటి మన ప్రసంగ విషయం.

ఒక దంపతులను ఊహించుకొనండి. భర్త విశ్రాంత ఉపాధ్యాయుడు. ముప్పది ఏండ్లు హైదరాబాదు బస్సులలో నిలబడి ప్రయాణం చేసినవాడు. భార్య కోఠీ బజారుకు ఒంటరిగా వెళ్ళి, బేరమాడి, సరకులతో తిరిగి వచ్చిన ఇల్లాలు. ఈ ఇద్దరూ లండన్ చేరిన మరునాటి నుండి గడప దాటలేరు. కొడుకూ కోడలూ ఉదయమే ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. “నాన్నగారూ, మీరు ఒంటరిగా వెళ్ళకండి. దారి తప్పుతారు. శనివారం నేను తీసుకొని వెళ్తాను” అని కొడుకు అంటాడు. ఆ మాటలో ప్రేమ ఉన్నది, భయమూ ఉన్నది. శనివారం వస్తుంది. ఆ రోజు కొడుకుకు వేరే పని తగులుతుంది. కిటికీ దగ్గర కుర్చీయే ఆ పెద్దలకు లండన్ నగరం అవుతుంది. తమ ఊరిలో పది మందికి దారి చూపినవారు అక్కడ పసిపిల్లల వలె ఇతరుల చేయి కొరకు ఎదురు చూడవలసి వస్తున్నది. ఇది చిన్న కష్టం కాదు. కాని దీనికి విరుగుడు ఉన్నది. ఆ విరుగుడు మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లోనే మొదలవుతుంది.

అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో దారి 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. మియాపూర్ నుండి ఎల్.బి. నగర్ వరకు గల ఆ ఎర్ర గీత మీద 27 స్టేషన్లు ఉన్నవి. న్యూ మార్కెట్‌కూ దిల్‌సుఖ్‌నగర్‌కూ నడుమ మన మూసారాంబాగ్ స్టేషన్. అక్కడ బండి ఎక్కేవారు తమకు తెలియకుండానే మూడు విద్యలు నేర్చుకొన్నారు. లోపలికి పోయేటప్పుడూ వెలుపలికి వచ్చేటప్పుడూ కార్డును గేటుకు ఆనించడం ఒకటి. ఏ వైపు బండి ఎక్కవలెనో చివరి స్టేషన్ పేరును బట్టి తెలుసుకొనడం రెండవది. సికింద్రాబాద్ వైపు పోవలెనంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోనో అమీర్‌పేటలోనో దిగి, వేరొక రంగు గీతకు మారడం మూడవది. ఈ మూడు విద్యలు చేతిలో ఉన్నవారికి లండన్ పాతాళ రైలు సగం తెలిసినట్లే. మిగిలిన సగం ఎక్కడెక్కడ భేదిస్తున్నదో చెప్పుకొంటే సరిపోతుంది.

ముందుగా ఆ రైలు స్వరూపం. లండన్‌లో నేల క్రింద రైలు మొదటిసారి నడిచినది 1863 జనవరి 10న. ఆనాటి ఇంజన్లు ఆవిరివి. సొరంగం నిండా పొగ. ప్రపంచంలో భూగర్భ రైలుకు అదే ఆరంభం. 1890లో లోతైన సొరంగంలో విద్యుత్తు బండి వచ్చినది. నేడు పదకొండు గీతలు, 272 స్టేషన్లు, సుమారు 400 కిలోమీటర్ల దారి ఉన్నవి. పేరుకు ‘అండర్‌గ్రౌండ్’ అయినా సగానికి పైగా దారి నేల మీదనే నడుస్తుంది. సొరంగాల ఆకారాన్ని బట్టి అక్కడివారు దానిని ‘ట్యూబ్’ అంటారు. 2022 మే 24న ప్రారంభమైన ఎలిజబెత్ గీత దీనికి వేరుగా, నగరాన్ని తూర్పు పడమరలుగా దాటుతున్నది.

ఇంత పెద్ద వలను చూచి కొత్తవారు బెదరిపోతారు. బెదరవలసిన పని లేదు. ఊరంతా తెలుసుకొని గాని గడప దాటరాదన్న పట్టుదలయే భయానికి మూలం. లండన్‌లో పుట్టి పెరిగినవారికి కూడ ఆ 272 స్టేషన్లూ తెలియవు. వారికి తెలిసినవి తమ గీత, తమ స్టేషన్, తాము మారవలసిన చోటు. మనకూ అంతే కావలెను. పోయే దారి ఒకటి, అదే దారిన తిరిగి వచ్చే తెలివి ఒకటి.

అక్కడి పటం గురించి ఒక మాట. ట్యూబ్ స్టేషన్లలో గోడ మీద కనిపించే రంగుల పటాన్ని హారీ బెక్ అనే చిత్రలేఖకుడు 1931లో గీసినాడు. 1933లో అది జనం చేతికి వచ్చినది. ఆయన విద్యుత్ పటాలు గీసే పద్ధతిలో వంకరలన్నీ సరిచేసి, నిలువు, అడ్డ, ఏటవాలు గీతలు మాత్రమే ఉంచినాడు. అందుచేత ఏ స్టేషన్ తరువాత ఏ స్టేషన్ వచ్చునో, ఎక్కడ మారవచ్చునో క్షణంలో తెలుస్తుంది. కాని దూరాలు తెలియవు. లెస్టర్ స్క్వేర్, కావెంట్ గార్డెన్ అనే రెండు స్టేషన్ల నడుమ దూరం సుమారు 260 మీటర్లు మాత్రమే. మూసారాంబాగ్ స్టేషన్ మెట్లు దిగి వీధి చివరకు నడిచినంత. పటాన్ని నమ్మి ఆ రెంటికి నడుమ బండి ఎక్కినవాడు మెట్లు దిగి, ఎక్కి, డబ్బు చెల్లించి, నడిచినవాని కంటె ఆలస్యంగా చేరుతాడు. నగరం నడిబొడ్డున ఉన్నప్పుడు వీధుల పటం కూడ చూచుకొనడం మంచిది.

ఇక ఒక ప్రయాణం చేద్దాం. మన దంపతుల కొడుకు ఇల్లు హౌన్‌స్లోలో ఉన్నదనుకొందాం. హీత్రో విమానాశ్రయానికి చేరువగా ఉన్న ఆ పేటలో భారతీయుల కాపురాలు ఎక్కువ. అక్కడ హౌన్‌స్లో సెంట్రల్ అనే స్టేషన్ ఉన్నది. దాని మీదుగా పోయేది పికడిలీ గీత. దాని రంగు ముదురు నీలం. వారు పోదలచినది బ్రిటిష్ మ్యూజియం. ఆ మ్యూజియం 1753లో స్థాపితమై, 1759 జనవరి 15న ప్రజలకు తెరువబడినది. శాశ్వత ప్రదర్శనలు చూడడానికి రుసుము లేదు. లండన్‌లో చూడదగినవి ఎన్నో ఉండగా దానినే ఎందుకు ఎన్నుకొన్నామో ముందు ముందు మీకే తెలుస్తుంది.

బయలుదేరవలసిన వేళ ముఖ్యం. సోమవారం నుండి శుక్రవారం వరకు ఉదయం ఆరున్నర నుండి తొమ్మిదిన్నర వరకు ఉద్యోగుల రద్దీ. అప్పుడు ట్యూబ్ ఛార్జీ కూడ హెచ్చు. తొమ్మిదిన్నర దాటిన తరువాత ఛార్జీ తగ్గుతుంది, కూర్చొనడానికి చోటు దొరుకుతుంది. సాయంకాలం నాలుగు నుండి ఏడు వరకు మరల రద్దీ. కనుక పదింటికి బయలుదేరి నాలుగింటికి ముందే తిరుగు బండి ఎక్కితే సుఖం. ఇందులో ఒక విచిత్రం గమనించండి. ట్యూబ్ దారుల మరమ్మత్తులు తరచుగా శని, ఆదివారాలలో జరుగుతవి. ఆ రోజులలో కొన్ని భాగాలు మూసివేస్తారు. అనగా కొడుకు చెప్పిన శనివారం కంటె, ఎవరూ తోడు లేని మంగళవారమే కొత్తవారికి అనుకూలమైన రోజు!

ఛార్జీ చెల్లించే పద్ధతి చెబుతాను. లండన్ బస్సులలో 2014 జూలై 6 నుండి నగదు తీసుకొనడం లేదు. ఆయిస్టర్ అనే కార్డు ఒకటి ఉన్నది. అది 2003లో వచ్చినది. స్టేషన్‌లో కొని, డబ్బు వేసుకొని వాడుకొనవచ్చును. కార్డు కొరకు కట్టిన రుసుము మాత్రం తిరిగి రాదు. ఆనించి చెల్లించే సదుపాయం గల బ్యాంకు కార్డు అయినా పని చేస్తుంది. మన దేశపు బ్యాంకు కార్డు వాడితే విదేశీ ద్రవ్యం మార్పిడికి బ్యాంకు అదనంగా తీసుకొనునేమో ముందుగానే విచారించుకొనవలెను. భార్యకు ఒక కార్డు, భర్తకు ఒక కార్డు వేరుగా ఉండవలెను. ఒకే కార్డును ఇద్దరి కొరకు వాడరాదు.

నగరాన్ని ఉంగరాల వలె మండలాలుగా విభజించినారు. నడిబొడ్డు ఒకటవ మండలం. వెలుపలికి పోయిన కొద్దీ అంకె పెరుగుతుంది. ఎక్కిన మండలాన్నీ దిగిన మండలాన్నీ బట్టి ట్యూబ్ ఛార్జీ లెక్క కడతారు. కనుక దిగినప్పుడు కార్డు ఆనించడం మరువరాదు. మరచితే యంత్రానికి మీరు ఎక్కడ దిగినారో తెలియక, గరిష్ఠమైన ఛార్జీ పడుతుంది. మూసారాంబాగ్‌లో గేటు తెరచుకొనదు గనుక మరచిపోయే వీలు లేదు. లండన్‌లో కొన్ని స్టేషన్లకు గేట్లే ఉండవు. కార్డు ఆనించే స్తంభం మాత్రమే ఉంటుంది. అక్కడే కొత్తవారు పొరపడుతారు. బస్సుకు మాత్రం ఎక్కేటప్పుడు ఒకసారి ఆనిస్తే చాలు; దిగేటప్పుడు అవసరం లేదు.

దినానికి ఇంత అని ఒక హద్దు కూడ ఉన్నది. ఒక రోజులో ఎన్ని ప్రయాణాలు చేసినా ఆ హద్దు దాటి వసూలు చేయరు. కాని ఉదయం ఆనించిన కార్డునే సాయంకాలమూ ఆనించవలెను. ఉదయం కార్డు, సాయంకాలం అదే కార్డు గల ఫోను ఆనిస్తే, యంత్రం ఇద్దరు మనుషులుగా లెక్క వేస్తుంది. లండన్ వృద్ధులకు ‘ఫ్రీడమ్ పాస్’ అనే ఉచిత ప్రయాణపత్రం ఉన్న మాట నిజం. అది అక్కడ కాపురం ఉన్నవారికే గాని సందర్శకులకు కాదు. ఎదురింటి తాతగారికి ఉన్నదని మనకూ వస్తుందనుకొనరాదు.

దంపతులు హౌన్‌స్లో సెంట్రల్‌లో లోపలికి వచ్చినారు. ఇప్పుడు ఏ వైపు ప్లాట్‌ఫారం? మన మెట్రోలో ‘ఎల్.బి. నగర్ వైపు’, ‘మియాపూర్ వైపు’ అని వ్రాసి ఉంటుంది. అక్కడ దిక్కు పేరు ముందుగా వ్రాస్తారు. తూర్పునకు పోయేది ‘ఈస్ట్‌బౌండ్’, పడమరకు పోయేది ‘వెస్ట్‌బౌండ్’. హౌన్‌స్లో నగరానికి పడమర అంచున ఉన్నది గనుక నడిబొడ్డుకు పోవలెనంటే ఈస్ట్‌బౌండ్ ఎక్కవలెను. ఆ బండ్లలో చాలవాటికి చివరి ఊరు కాక్‌ఫాస్టర్స్. బయలుదేరే ముందు “మన ఇంటికి మ్యూజియం ఏ దిక్కున ఉన్నది?” అని కొడుకును అడిగి తెలుసుకొంటే సగం తికమక తీరిపోతుంది. పండుగనాడు ముగ్గుకూ, పూజకూ దిక్కు చూచుకొనే మనకు ఇది కష్టమైన విద్య కాదు.

బండి హామర్‌స్మిత్, బారన్స్ కోర్ట్ వరకు నేల మీదనే నడిచి, ఆ తరువాత సొరంగంలో దూరుతుంది. స్టేషన్ స్టేషన్‌కూ పేరు వినిపిస్తారు. ఆ పేర్లు అక్షరాలను బట్టి చదివితే ఒక రకం, వినబడేది మరొక రకం. ‘లైసెస్టర్’ అని మనం చదివేది వారి నోట ‘లెస్టర్’. ‘గ్లౌసెస్టర్’ అని చదివేది ‘గ్లోస్టర్’. మనం దిగవలసిన ‘హోల్‌బోర్న్’ను వారు ‘ల’కారం మింగి ‘హోబన్’ అంటారు. రేమండ్‌ను మూసా రాం చేసినవారి సంతతికి ఈ వింత కొత్త కాదు. అయినా చెవిని నమ్ముకొనక కంటిని కూడ నమ్ముకొనవలెను. ప్రతి స్టేషన్ గోడ మీద ఎర్ర వలయానికి అడ్డంగా నీలి పట్టీ, ఆ పట్టీ మీద స్టేషన్ పేరు ఉంటవి. కావెంట్ గార్డెన్ తరువాత వచ్చేదే మన చోటు. హౌన్‌స్లో నుండి సుమారు ముప్పావు గంట ప్రయాణం.

దిగేటప్పుడు “సందు చూచి అడుగు వేయండి” అన్న హెచ్చరిక వినిపిస్తుంది. బండికీ ప్లాట్‌ఫారానికీ నడుమ కొన్ని చోట్ల ఎడం ఎక్కువ. 1968 నుండి ఆ హెచ్చరిక చేస్తున్నారు. పెద్దవారు దానిని లాంఛనంగా తీసుకొనరాదు. చీర కుచ్చెళ్ళు గల స్త్రీలు మరింత జాగ్రత్త వహించవలెను. కదిలే మెట్ల మీద నిలబడేవారు కుడి ప్రక్కన నిలబడవలెను. ఎడమ ప్రక్క నడిచిపోయేవారికి వదలడం అక్కడి మర్యాద. భార్యాభర్తలు ప్రక్కప్రక్కన నిలబడితే వెనుకవారు కసురుకొనరు గాని, వారి దగ్గు వినబడుతుంది.

హోబన్‌లో వెలుపలికి వచ్చి ఉత్తరంగా సౌతాంప్టన్ రో వెంట నడిచి, ఎడమకు తిరిగి, బ్లూమ్స్‌బరీ స్క్వేర్ అనే చిన్న తోట ప్రక్కగా పోతే గ్రేట్ రసెల్ వీధి వస్తుంది. పది నిమిషాల నడక. అక్కడ వాహనాలు మన వలెనే ఎడమ ప్రక్కన నడుస్తవి. అది మనకు గొప్ప సౌకర్యం. దాటవలసిన చోట స్తంభానికి బొత్తాము ఉంటుంది. దానిని నొక్కి, పచ్చని మనిషి బొమ్మ వెలిగే దాక ఆగవలెను.

మ్యూజియంలో 33వ సంఖ్య గల విశాలమైన శాలను అడిగి చేరుకొనండి. దాని చెంతనే 33ఎ గది. ఆ గదిలో ఉన్నవి అమరావతి శిల్పాలు! కృష్ణాతీరాన మన పూర్వులు చెక్కిన తెల్లని సున్నపురాతి ఫలకాలు. స్తూపానికి చుట్టూ కట్టిన ప్రాకారం, పద్మాలు, ఏనుగులు, బుద్ధుని గాథలు. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్తూపాన్ని చూచినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి రాళ్ళను మదరాసుకు తరలించినాడు. 1859లో వానిలో చాల భాగం ఓడ మీద లండన్ చేరినది. 1880లో బ్రిటిష్ మ్యూజియం వానిని స్వీకరించినది. మన దంపతుల కంటె సుమారు నూటఅరువది ఏండ్ల ముందు లండన్ చేరిన తెలుగు నాటి యాత్రికులు ఆ రాళ్ళు. తిరిగి వచ్చే దారి వానికి ఇంతవరకు దొరకలేదు. మనకు ఆ దారి తెలిసి ఉండవలెను. గది కొన్ని వేళల మూసి ఉండవచ్చును గనుక ఆ రోజు తెరిచి ఉన్నదా అని ముందుగా విచారించుకొనడం మంచిది. అన్నట్లు, ట్యూబ్ స్టేషన్లు చాలవానిలో మరుగుదొడ్లు ఉండవు. మ్యూజియంలో ఆ సదుపాయం ఉన్నది. తిరుగు ప్రయాణానికి ముందు దానిని వాడుకొనడం పెద్దవారికి క్షేమం.

తిరుగు ప్రయాణంలోనే అసలు చిక్కు ఉన్నది. ఇది మన ఎర్ర గీత మీద లేని చిక్కు. మూసారాంబాగ్‌లో ఎల్.బి. నగర్ వైపు బండి ఎక్కితే అది దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే పోతుంది. వేరొక దారి లేదు. లండన్ గీతలలో కొన్నింటికి కొమ్మలు ఉన్నవి. పికడిలీ గీత పడమరగా ఆక్టన్ టౌన్ వరకు ఒకటిగా పోయి, అక్కడ రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ హౌన్‌స్లో మీదుగా హీత్రోకు పోతుంది. మరొకటి రేనర్స్ లేన్, అక్స్‌బ్రిడ్జ్ వైపునకు పోతుంది. రెండు బండ్లూ హోబన్‌లో ఒకే ప్లాట్‌ఫారం మీదికి వస్తవి. రంగు ఒకటే, దిక్కు ఒకటే. కాని వచ్చిన బండినల్లా ఎక్కితే ఒక్కొక్కసారి ఇల్లు చేరరు. కనుక బండి ముఖం మీదనూ, ప్లాట్‌ఫారం పలక మీదనూ వ్రాసిన చివరి ఊరు చూడవలెను. ‘హీత్రో’ అని ఉంటేనే మన బండి. ఈ ఒక్క సంగతి తెలియక కొత్తవారు దారి తప్పుతారు.

అయినా పొరపాటున అక్స్‌బ్రిడ్జ్ బండి ఎక్కినారే అనుకొందాం. అప్పుడు ఏమి చేయవలెను? ఏమీ భయపడరాదు. చీలిక స్థానమైన ఆక్టన్ టౌన్‌లో దిగి, హీత్రో బండి కొరకు నిలబడవలెను. అది కూడ దాటిపోయినదా? తరువాతి స్టేషన్‌లో దిగి, ఎదురు బండిలో వెనుకకు ఆక్టన్ టౌన్ చేరి, అక్కడ మారవలెను. గేటు వెలుపలికి పోనంత వరకు ప్రయాణం ఒకటే. ఒక పావుగంటో అరగంటో పోతుంది. అంతకంటె నష్టం లేదు. నేను పదే పదే చెప్పదలచినది ఇదే: దారి తప్పకుండ ఉండడం కంటె, తప్పిన దారిని సరిచేసుకొనే కిటుకు తెలియడం ముఖ్యం. కొడుకు తండ్రికి పటం ఇచ్చినప్పుడు, పోయే దారితో పాటు ఆక్టన్ టౌన్‌ను కూడ వలయం చుట్టి చూపవలెను. అప్పుడు తండ్రికి ధైర్యం, కొడుకుకు నిశ్చింత.

సొరంగం సరిపడనివారికి బస్సు ఉన్నది. ఎర్రని రెండంతస్తుల బస్సు పై అంతస్తున ముందు వరుసలో కూర్చొంటే ఊరు కళ్ళ ముందు కదులుతుంది. మోకాళ్ళ నొప్పులు గలవారు క్రిందనే కూర్చొనడం మేలు. మెట్లు ఎక్కుతుండగానే బస్సు కదలవచ్చును. పెద్ద కూడళ్ళలో ఒకే పేరు గల బస్ స్టాపులు అయిదారు ఉంటవి. వానిని వేరుచేయడానికి స్తంభం తలపై ఒక అక్షరం వ్రాసి ఉంటుంది. బస్సు సంఖ్యతో పాటు ఆ అక్షరమూ గుర్తుంచుకొనవలెను. బస్సు వస్తున్నప్పుడు చేయి ఎత్తడం మంచిది. ముందు ద్వారాన ఎక్కి, మధ్య ద్వారాన దిగవలెను. రాబోయే స్టాపు పేరు వినిపిస్తారు, వ్రాతలోనూ చూపిస్తారు. దిగదలచినవారు గంట నొక్కవలెను. మొదటి బస్సులో కార్డు ఆనించిన గంటలోపల ఎన్ని బస్సులు మారినా అదే కార్డుకు ఒకే ఛార్జీ. తప్పు బస్సు ఎక్కినవారు దిగి మరొకటి ఎక్కినా, గంట దాటకపోతే డబ్బు నష్టం లేదన్న మాట.

మొదటి ప్రయాణం సాఫీగా జరిగిన తరువాత మారవలసిన దారి ఒకటి ప్రయత్నించవచ్చును. డాక్టర్ అంబేద్కర్ 1921–22లో నివసించిన ఇల్లు కింగ్ హెన్రీస్ రోడ్డు మీద పదవ నెంబరుది. 2015 నవంబరులో దానిని స్మారకంగా ప్రారంభించినారు. అక్కడికి చాక్ ఫార్మ్ స్టేషన్ చేరువ. హౌన్‌స్లో నుండి పికడిలీ గీత మీద లెస్టర్ స్క్వేర్ దాక పోయి, అక్కడ నల్లరంగు గల నార్దర్న్ గీతకు మారి, నార్త్‌బౌండ్ బండి ఎక్కవలెను. నార్దర్న్ గీతకూ కొమ్మలు ఉన్నవి. ‘ఎడ్జ్‌వేర్’ అని వ్రాసిన బండి కావలెను. అమీర్‌పేటలో ఎర్ర గీత నుండి నీలి గీతకు మారినవారు లెస్టర్ స్క్వేర్‌లో మారలేరా?

కొన్ని చిన్న జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఇంటి చిరునామా, దాని చివర ఉండే పోస్టు సంకేతం, కొడుకు ఫోను నెంబరు కాగితం మీద వ్రాసుకొని జేబులో ఉంచుకొనవలెను. ఫోను ఛార్జి అయిపోయినా కాగితం అయిపోదు. దంపతులు విడిపోతే ఏమి చేయవలెనో ఇంటిలోనే అనుకొని ఉండవలెను: బండిలో ఉండిపోయినవారు తరువాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడవలెను, రెండవవారు తరువాతి బండిలో అక్కడికి చేరవలెను. ప్లాట్‌ఫారాల మీద సహాయం అడిగే యంత్రాలు ఉంటవి. బొత్తాము నొక్కితే ఉద్యోగి పలుకుతాడు. ఆపద సమయాన పిలువవలసిన నెంబరు 999. జూన్ నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో సాయంకాలం నాలుగింటికే చీకటి పడుతుంది. ఋతువును బట్టి తిరుగు వేళ నిర్ణయించుకొనవలెను.

బిడ్డలకు కూడ ఒక మనవి. తల్లిదండ్రులు వచ్చిన మొదటి వారంలో ఒక రోజు సెలవు పెట్టి ఈ ప్రయాణం వారితో చేయండి. కాని ముందు నడవకండి, వెనుక నడవండి. గేటు దగ్గర కార్డు వారే ఆనించవలెను. ఏ ప్లాట్‌ఫారమో వారే తేల్చవలెను. తప్పు చేసినా ఆక్టన్ టౌన్ దాక మాట్లాడకండి. ఒకనాడు మూసారాంబాగ్ వీధిలో మీకు సైకిలు నేర్పిన తండ్రి సీటు వెనుక పట్టుకొని పరుగెత్తి, మీకు చెప్పకుండానే చేయి వదలినాడు గదా! ఇప్పుడు ఆ పని మీది.

అటు తరువాత ఒక మంగళవారం మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉండగా ఫోను మ్రోగుతుంది. “అబ్బాయీ, మేము అమరావతి రాళ్ళు చూచి వచ్చినాము. కాఫీ పెట్టుకొంటున్నాము” అని అమ్మ గొంతు వినిపిస్తుంది. ఆరు నెలల సెలవులో అంతకు మించిన సంతోషం ఆ ఇంటికి ఉండబోదు.